రత్నమాణిక్యంగారి వడ్డన

రత్నమాణిక్యంగారింట్లో భోజనం అంటే మా కొత్తగరువు జనం పొద్దున్న టిఫిన్ మానేసేవాళ్ళు. ఆశ వల్ల మానేసేవాళ్ళో, భయం వల్ల మానేసేవాళ్ళో చెప్పలేను. నాకైతే రెండూ ఉండేవి.

భీమవరం పక్కన ఉండి అనే ఊరు దాటి కాలవ గట్టునే వెళ్తే వచ్చే ఊరు మాది. నేను అక్కడి హైస్కూలుకి లెక్కల మాస్టారుగా వచ్చి, రిటైరయ్యాక కూడా కదలకుండా ఉండిపోయాను. వచ్చిన కొత్తల్లో నాకు పెళ్ళి కాలేదు. తరవాత అయింది గాని, మా ఆవిడ నాకంటే ముందే వెళ్ళిపోయింది. ఈ రెండు కాలాల్లోనూ నన్ను మేపింది ఎదురింటి రత్నమాణిక్యంగారే. మేపడం అనే మాట మోటుగా ఉందని నాకు తెలుసు. వాళ్ళింట్లో తిన్నవాళ్ళెవరూ ఇంతకంటే సున్నితమైన మాట వాడరు.

మొదటిసారి వాళ్ళింట్లో అరిటాకు ముందు కూర్చున్న రోజు బాగా గుర్తుంది. ముద్దపప్పు అయింది, గుత్తివంకాయ అయింది, రొయ్యల ఇగురు రెండుసార్లు అయింది. చేపల పులుసు గరిటెతో ఆవిడ మళ్ళీ వస్తుంటే, "వద్దండి, వద్దండి" అంటూ రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టాను. ఏ ఊళ్ళోనైనా దానికి ఒకటే అర్థం. ఆవిడ గరిటె నా వేళ్ళ మీదికి వంచి, "చెయ్యి తీయండి మాస్టారూ, కాలుద్ది" అన్నారు. తీశాను. పులుసు పడింది. దాని కోసం మళ్ళీ అన్నం పడింది, అన్నం మిగిలిందని మళ్ళీ పులుసు పడింది. లెక్కల మాస్టారిని అయ్యుండి కూడా ఆ లెక్క ఎక్కడ తేలుతుందో నాకు అంతుపట్టలేదు.

అది ఆవిడ మొండితనం కాదనీ, ఆ ఇంటి చదువనీ తరవాత తెలిసింది. కాపురానికి వచ్చిన కొత్తల్లో అత్తగారు నేర్పారట. వద్దు అనేవాళ్ళు మొహమాటానికి అంటారు. చెయ్యి అడ్డం పెట్టేవాళ్ళు ఇంకాస్త మొహమాటానికి పెడతారు. విస్తరి మడిచినప్పుడే నమ్మాలి. అంతవరకూ వడ్డించే మనిషి గిన్నెతో నిలబడే ఉండాలి గాని కూర్చోకూడదు. ఇంట్లో అందరూ లేచాకే తాను తినాలి. కొత్త కోడలు ఈ పాఠం విని తలూపింది. ఊపినందుకు జీవితంలో ఒక్క పూట కూడా తప్పలేదు.

కాలవల మీద పనికొచ్చిన ఇంజనీర్లు, ఎరువుల కంపెనీ వాళ్ళు, చేపలు పట్టడానికి వచ్చిన కూలీలు, ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు, అడ్రసు తప్పి వచ్చిన కొరియర్ అబ్బాయి, అందరూ ఆ గరిటె కింద ఒకటే. ఆవిడ చేతికి ఎముక లేదని ఊరంతా అనేది. నిజమే గాని, ఆ చేతికి చెవులు కూడా లేవు.

ఆవిడ భర్త సూర్యరాజుగారు మెత్తటి మనిషి. అందరి వరిచేలూ చేపల చెరువులైనప్పుడు ఆయన చేలూ అయ్యాయి. చెరువు మీద పనిచేసే కూలీని కూడా ఆయన 'మీరు' అనేవారు, ఇంక భార్యాబిడ్డల సంగతి చెప్పక్కర్లేదు. ఆవిడ వడ్డిస్తుంటే ఆయన నోట 'చాలు' అన్నమాట ఎవరూ వినలేదు. ఒకసారి పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. నేను మొదటి ముద్దకే నీళ్ళ గ్లాసు అందుకున్నాను. ఆయన మారు వేయించుకుని మరీ తిన్నారు.

ఒకనాడు చెరువులో మేత చల్లిస్తూ ఆయన నాతో, "మాస్టారూ, నాకు ఆకలేసి ఎన్నేళ్ళయిందో అండి. ఆకలి వచ్చేలోపే అన్నం వచ్చేసుద్ది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నేనూ నవ్వాను. అప్పటికి ఇద్దరి పొట్టలూ నిండుగానే ఉన్నాయి.

అలాంటి మనిషికి జబ్బు వచ్చి వచ్చి అన్నం దిగే గొట్టంలో వచ్చింది. క్యాన్సర్. ఒంట్లో ఇంకెక్కడా చోటు దొరకలేదా దానికి అని నాకు ఒళ్ళు మండింది. హైదరాబాదు తీసుకెళ్ళి రేడియేషన్ కరెంటు పెట్టించారు, దారి మూసుకుపోకుండా లోపల చిన్న గొట్టం అమర్పించారు. కొన్నాళ్ళు నడిచింది. తరవాత అది ఊపిరితిత్తుల దాకా పాకింది. ఇంక వైద్యం లేదు, ఇంటికి తీసుకెళ్ళి బాధ లేకుండా చూసుకోండి అని పెద్ద డాక్టరు చెప్పేశాడు.

వీధి గదిలో కిటికీ పక్కన మంచం వేశారు. నేను రోజూ మధ్యాహ్నం వెళ్ళి పేపరు చదివి వినిపించేవాణ్ణి. ఆయనకి రొయ్యల రేటూ వాన కబురూ ఉంటే చాలు. మిగతాదంతా నా కోసం చదువుకునేవాణ్ణి.

రత్నమాణిక్యంగారు జబ్బుని రిపోర్టులతో కొలవలేదు. గొంతు దిగినదాంతో కొలిచారు. అన్నం దిగకపోతే మెత్తగా పిసికిన పెరుగన్నం. అదీ దిగకపోతే జావ. చివరికి పల్చటి సగ్గుబియ్యం జావ, చెంచాతో. నాలుగు చెంచాలు పోస్తే మూడింటికి దగ్గు వచ్చేది. పొలమారిందని ఆవిడ ఆయన నడినెత్తిన అరచేత్తో తట్టి, "ఎవరో తలుచుకుంటున్నారండి" అనేవారు. ఆ రోజుల్లో ఆయన్ని తలుచుకునేవాళ్ళు బాగా పెరిగిపోయారు. కొడుకు శ్రీనివాసరాజుకీ అదే ధ్యాస. చెరువుల మీదనుంచి వస్తూనే, "ఈ పూట ఎంత తాగారమ్మా?" అని అడిగేవాడు. గిన్నె ఖాళీ అయిందని వింటే అతని మొహం విచ్చుకునేది.

హైదరాబాదు డాక్టరు మాట మీద శ్రీనివాసరాజు భీమవరంలో వాకబు చేసి, ఇలాంటి రోగుల్ని ఇళ్ళకొచ్చి చూసే నర్సుల్ని పిలిపించాడు. వ్యానులో వచ్చిన నర్సు పేరు ప్రసన్నకుమారి. నడివయసు మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. మార్ఫిన్ మాత్రలు ఏ వేళకి ఎలా వెయ్యాలో చెప్పింది.

"మత్తుమందు కదండీ, అలవాటైపోద్దేమో" అని శ్రీనివాసరాజు నసిగాడు.

"మరి నొప్పి అలవాటు చేసుకోమందామా అండి?" అంది ఆవిడ.

మందు పడ్డాక సూర్యరాజుగారి నుదుటి మీద మడతలు విడిపోయాయి. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి రొయ్యల రేటు అడిగారు. వీపు పుండు పడకుండా ఆయన్ని ఎలా పక్కకి తిప్పాలో, నోరు ఎలా శుభ్రం చెయ్యాలో అన్నీ నేర్పి నర్సు బ్యాగు సర్దుకుంది. ఆవిడ పని అయిపోయింది గనక రత్నమాణిక్యంగారి పని మొదలైంది. డ్యూటీలో ఉన్నానండి అంటే, డ్యూటీలో ఉన్నవాళ్ళకి ఆకలెయ్యదా అని ఆకు వేసేశారు. ప్రసన్నకుమారి చెయ్యి అడ్డం పెట్టింది. తరవాత తీసింది. పక్క ఆకు ముందు కూర్చున్న నేను సానుభూతిగా చూసి, నా చేతులు కూడా తీశాను.

మరుసటి వారం నర్సు వచ్చేసరికి సూర్యరాజుగారికి జ్వరం, ఆయాసం. ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, "నోట్లో ఏం పోస్తున్నారండీ?" అని అడిగింది. రత్నమాణిక్యంగారు చెప్పారు. పొలమారుతోందని కూడా చెప్పారు.

నర్సు ఆవిడని వసారాలోకి తీసుకొచ్చింది, నేనూ వెనకే వచ్చాను. "అది పొట్టలోకి పోవట్లేదండి, ఊపిరితిత్తుల్లోకి పోతోంది. ఇలాగే పోస్తుంటే ఏదో ఒకరోజు ఊపిరాడక గిలగిల్లాడి పోతారు. అలా పోకూడదనే కదండీ మేం వస్తోంది. నోటితో ఇంకేం పెట్టకండి."

"కడుపు మాడ్చి చంపేయమంటారా?"

"అన్నం మానేసినందుకు ఆయన పోవట్లేదండి. పోయే వేళ దగ్గరపడింది గనక ఒంటికి అన్నం అక్కర్లేకుండా పోయింది. ఆయనకి ఆకలి లేదండి."

"మీకెలా తెలుసు?" రత్నమాణిక్యంగారి గొంతు పెరిగింది. "గిన్నెతో వెళ్ళి నిలబడితే నోరు తెరుస్తున్నారు. ఆకలి లేనివారు నోరెందుకు తెరుస్తారు?"

అంత కోపంలోనూ రత్నమాణిక్యంగారు వంటింట్లోకే వెళ్ళారు. ఇంటికొచ్చిన మనిషికి ఆకు వెయ్యాలి కదా.

ఆవిడ అటు వెళ్ళగానే ప్రసన్నకుమారి మళ్ళీ గదిలోకి వెళ్ళి మంచం పక్కన కూర్చుంది. నేనూ వెనకే వెళ్ళి నిలబడ్డాను.

"రాజుగారూ, ఆకలేస్తోందా అండి?"

ఆయన తల అడ్డంగా ఊపారు.

"మరి నోరెందుకు తెరుస్తున్నారండి?"

ఆయన గొంతులో గాలి తప్ప స్వరం లేదు. వంగి వినాల్సి వచ్చింది. "ఆవిడ నిలబడి ఉంటారండి."

కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అన్నారు. "చెయ్యి అడ్డం పెడతానండి. అయినా అలాగే నిలబడతారు. గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషిని ఎలా పంపేస్తామండి? తీసేస్తాను."

"ఒక్కసారి గట్టిగా వద్దనండి."

ఎవరినో కొట్టమన్నట్టు చూశారాయన. "ఇన్నేళ్ళలో అనలేదండి. ఇప్పుడంటే ఆవిడ తట్టుకోలేరు."

నాకు ఆ ఇద్దరి మర్యాదల మీదా పట్టరాని కోపం వచ్చింది. ఒకరు పెట్టకుండా ఉండలేరు, ఒకరు వద్దనలేరు. మధ్యన ఒక ఊపిరి కొట్టుకుంటోంది. ఆ కోపంలో సగం నా మీద నాకే అని ఒప్పుకోవాలి. ఆ ఇంట్లో ఇన్నేళ్ళు చేతులు అడ్డం పెట్టి తీసినవాణ్ణి ఏ మొహంతో ఒకరికి చెప్పను?

వసారాలో రెండు ఆకులు వేశారు. నేనూ నర్సూ కూర్చున్నాం. పప్పు అయింది, వేపుడు అయింది. రత్నమాణిక్యంగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. పులుసు మారు వడ్డించడానికి వచ్చినప్పుడు ప్రసన్నకుమారి ఆకుకి చెయ్యి అడ్డం పెట్టింది. గరిటె ఆ వేళ్ళ మీదికి వంగింది.

"చెయ్యి తీయండమ్మా, కాలుద్ది."

"తియ్యనండి."

గరిటె ఆగింది. ఆ ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళు లేరు. గరిటెలో పులుసు అంచు దాకా వచ్చి ఊగుతోంది. నేను ముద్ద నోట్లో పెట్టుకోకుండా చూస్తూ ఉండిపోయాను.

"నేను పరాయిదాన్ని గనక తియ్యనండి" అంది నర్సు. గొంతు నెమ్మదిగానే ఉంది. "రాజుగారు తీస్తారు. మీరు నిలబడి ఉంటారని తీస్తారు. ఇందాక ఆయన్ని అడిగానండి, ఆయనే చెప్పారు. ఆకలేసి కాదండి ఆయన నోరు తెరిచేది. మీ కోసం."

"నాతో చెప్పలేదే."

"మీతో ఎప్పుడైనా వద్దన్నారా అండి, ఆయన?"

రత్నమాణిక్యంగారు గరిటె గిన్నెలో పెట్టేశారు. గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. మేం మజ్జిగ లేకుండా లేచాం. ఆ ఇంటి చరిత్రలో అదొక వింత. చేతులు కడుక్కుంటూ ప్రసన్నకుమారి నాతో, "అన్నం పెట్టే చేతికి అడ్డం పడి అనాల్సిన మాట కాదండి. వేరేగా చెప్పాల్సింది" అంది. వేరేగా ఎలా చెప్పొచ్చో ఆవిడకీ తెలిసినట్టు లేదు. వెళ్ళేముందు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, కొబ్బరినీళ్ళలో దూది ముంచి పెదవులు తడుపుతూ ఉండమనీ, ఎండిపోకుండా కాస్త వెన్న రాయమనీ చెప్పింది.

సాయంత్రం సంగతి తెలిసి శ్రీనివాసరాజు మండిపడ్డాడు. మా అమ్మ చేతి అన్నం తింటూ మా అమ్మనే అంటుందా, ఇంక రావద్దని ఫోన్ చేసేస్తాను అన్నాడు.

"ఊరుకోండి బాబూ" అన్నారు రత్నమాణిక్యంగారు.

మర్నాడు మధ్యాహ్నం నేను వాన కబురు చదువుతున్నాను. బంగాళాఖాతంలో అల్పపీడనం. రత్నమాణిక్యంగారు సగ్గుబియ్యం జావ గిన్నెతో గదిలోకి వచ్చి ఎప్పట్లాగే మంచం పక్కన నిలబడ్డారు. ఇంత చెప్పినా మళ్ళీ తెచ్చారే అని నా ప్రాణం ఉసూరుమంది. నేను నోరు తెరిచేలోపే సూర్యరాజుగారి చెయ్యి పక్క మీదనుంచి లేచింది. సన్నబడిపోయిన చెయ్యి. నోటికి అడ్డంగా వచ్చి ఆగింది.

ఆవిడ నిలబడ్డారు. ఆయన ఆవిడ మొహం చూశారు, గిన్నె చూశారు. మెల్లిగా చెయ్యి దించబోయారు. పెదవులు విడుతున్నాయి.

"చెయ్యి తీయకండి" అన్నారు రత్నమాణిక్యంగారు.

ఆయనకి అర్థం కాలేదు. చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"తీయకండి. ఉంచండి అలాగే." ఆవిడ చెంచా గిన్నెలో పెట్టేశారు. "నేను పొయ్యనండి. ఇంక పొయ్యను."

అని, మంచం మీద ఆయన పక్కనే కూర్చున్నారు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచి ఆవిడ చేతిలో గిన్నె ఉండగా కూర్చోవడం చూడలేదు. ఆయనా చూసి ఉండరు. కళ్ళు పెద్దవి చేసి చూస్తున్నారు. ఆయన చెయ్యి కిందికి దిగి ఆవిడ మోకాలి మీద ఆగింది.

"మీరు తిన్నారా?" అని అడిగారు, ఆ గాలి గొంతుతోనే.

"లేదండి."

"తినండి మరి."

రత్నమాణిక్యంగారు ఒకసారి నా వైపు చూశారు. నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. పరాయి మగవాడి ఎదుట, భర్త తినకుండా, కూర్చుని తినడం ఆవిడకి ఎంత కష్టమో నాకు తెలుసు. లేచి వెళ్ళిపోవాలని కూడా నాకు తోచలేదు. పేపరు వెనక చెంచా చప్పుడు వినిపించింది, ఒకటి, ఇంకొకటి.

"ఎలా ఉంది?" అన్నారాయన.

"చప్పగా ఉందండి. ఇన్నాళ్ళూ ఇదా మీరు తాగింది!"

పేపరు దించి చూశాను. సూర్యరాజుగారు నవ్వుతున్నారు. ఆవిడ కళ్ళనుంచి నీళ్ళు కారి గిన్నెలో పడుతున్నాయి, ఆవిడ తింటూనే ఉన్నారు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన కళ్ళు తిప్పలేదు. నా కళ్ళు కూడా తడిశాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఆ తరవాత ఆ చెయ్యి మళ్ళీ అడ్డం రావాల్సిన పని పడలేదు. జ్వరం దిగింది, దగ్గు తగ్గింది. ఆవిడ దూది ముక్కలు కొబ్బరినీళ్ళలో ముంచి పెదవులు తడిపేవారు. ఆ దూది చుట్టడంలో కూడా ఆవిడ వడ్డన కనిపించేది. నర్సు చూపించినదానికంటే రెండింతలు చుట్టేవారు. ప్రసన్నకుమారి వచ్చి చూసి తలూపింది, ఆకు వేస్తే కూర్చుంది. చివర్లో ఊపిరి గురకలా వస్తుందనీ, వినేవాళ్ళకి భయంగా ఉంటుంది గాని ఆయనకి బాధ ఉండదనీ ముందే చెప్పి వెళ్ళింది. అందుకే అది మొదలైనప్పుడు శ్రీనివాసరాజు ఆస్పత్రికని కారు తియ్యబోయి కూడా ఆగిపోయాడు.

చుట్టాలు వచ్చారు. ఆఖరి వేళ నోట్లో తులసినీళ్ళు పొయ్యాలని చెంచా పట్టుకుని వరసలో నిలబడ్డారు. మా దగ్గర ప్రేమంటే చెంచా నిండుగానే ఉండాలి. తలాపున కూర్చున్న రత్నమాణిక్యంగారు చెంచా లాక్కుని పక్కన పెట్టి, చేతికి తులసాకు ఇచ్చారు. "ముంచి పెదవికి తాకించండి. గొంతులో పొయ్యకండి" అన్నారు. ఎవరో పెద్దావిడ, ఒక్క చుక్క అని బతిమాలింది.

"చాలండి" అన్నారు రత్నమాణిక్యంగారు.

ఆ మాట ఆవిడ నోట వచ్చిందని చుట్టాల్లో ఎవరూ గమనించినట్టు లేదు. నేను గమనించాను. సూర్యరాజుగారు ఆ సాయంత్రమే పొలమారకుండా, గిలగిల్లాడకుండా, రెండు ఊపిరుల మధ్య ఆగిపోయారు.

సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకి రత్నమాణిక్యంగారు నన్ను భోజనానికి పిలిచారు. పొద్దున్న టిఫిన్ మానేశాను. వసారాలో ఆకు వేశారు. ముద్దపప్పు అయింది, పనసపొట్టు కూర అయింది. చేపల పులుసు ఒక గరిటె అయింది, అన్నం ఇంకా సగం ఉంది. ఆవిడ మారు వడ్డించడానికి గిన్నెతో వచ్చారు. నేను అలవాటు కొద్దీ రెండు చేతులూ ఆకుకి అడ్డం పెట్టి, వేళ్ళ మీద గరిటె కోసం ఎదురుచూశాను.

ఆవిడ ఆగి నా చేతుల వైపు చూశారు. "సరేనండి మాస్టారూ" అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

వెనక్కి పిలిచి ఇంకొంచెం వెయ్యండి అనొచ్చు. అంత ధైర్యం నాకు ఎప్పుడూ లేదు. మిగిలిన అన్నం మజ్జిగతో తిని ఆకు మడిచి లేచాను. వీధి గదిలో కిటికీ పక్కన మంచం లేదు, తుడిచిన గచ్చు ఉంది. ఆ ఇంట్లోంచి మొదటిసారి ఆకలితో బయటికి వస్తున్నానని సూర్యరాజుగారికి చెప్పాలనిపించింది.